మర కుదిరిన చోట

మా ఊరు పెఫ్కోరాహి. ఎవియా దీవికి ఉత్తరపు కొస.
నలభై రెండేళ్ళు పైన్ చెట్ల ఒంటిమీద గాటు పెట్టి
కింద సంచి కట్టి
జిగురు పట్టి బతికినవాణ్ణి.
ఏ చెట్టు ఎంత కారుతుందో నాకు తెలుసు.
ఎంత తొందరగా అంటుకుంటుందో
మొన్న ఆగస్టులో తెలిసింది.

మూడో రాత్రి వాళ్ళొచ్చారు, రుమేనియా నుంచి,
బల్గేరియా దుమ్ము టైర్లకు ఇంకా అంటుకునే ఉన్న
ఆరు ఎర్రబండ్లు.
ఎక్కడో పెద్ద గదిలో ఎవరో సంతకాలు పెట్టారట,
ఒకరి మంటకు ఇంకొకరు నీళ్ళు మోయాలని.
ఆ కాగితం మేం చూడలేదు.
మేం చూసింది తిబేరియు బూట్లు.
ఒకదానికి లేసు బదులు కరెంటు తీగ.

బండి ముందుభాగం మీద పటం పరిచాడు.
పటంలో దారి ఉంది, కొండమీద లేదు.
లేదని నేను గ్రీకులో,
ఉందని అతను రుమేనియన్‌లో.
ఇద్దరం గొంతు పెంచాం,
అర్థం కాకపోవడం చెవుడైనట్టు.

అప్పుడొచ్చింది జంఫీరా.
మంచం పట్టిన ఓడ కెప్టెన్‌కి
అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచే మనిషి.
పదకొండేళ్ళలో కాఫీ దుకాణం మెట్టెక్కమని
మాలో ఎవరూ అనలేదు.
ఆ రాత్రి ఊరంతా ఆమె నోటివైపే చూసింది.
"నెరో" అన్నాను నేను, తొట్టి చూపించి.
"ఆప" అంది ఆమె వాళ్ళతో.
నెరో. ఆప. నెరో. ఆప.
ఒకే బావిలో రెండు చేదలు పడ్డట్టు.

తీరా చూస్తే గొట్టం తొట్టి మూతికి పట్టలేదు.
మా మర తాతల నాటిది, వాళ్ళది వేరు.
నీళ్ళు ఇటు, గొట్టం అటు,
మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ.
ఆ ఖాళీ సంగతి ఏ సంతకం కిందా రాసి ఉండదు.
ట్రాక్టర్లు బాగుచేసే లాంబ్రినోస్
లేతుకు ఇత్తడి ముక్క ఎక్కించాడు.
కరెంటు లేదు. జనరేటర్ వాళ్ళది, టార్చి అతని భార్యది.
గంటన్నర.
పైన కొండమీద పైన్ కాయలు టపటపా పేలుతున్నాయి,
ఇక్కడ ఎవరూ నోరు మెదపలేదు.
ఒకవైపు మా మర, ఇంకోవైపు వాళ్ళ మర.
తిప్పారు.
పట్టింది.
కప్పను మింగిన పాములా ఉబ్బింది గొట్టం.

అడవి దక్కలేదు. దక్కిందని చెప్పను.
నా చెట్లు తొమ్మిది వందలు,
నా గాట్లతో సహా పోయాయి.
మేకల దారిలో ముందు నేను, వెనక వాళ్ళు.
గాలి తిరిగినప్పుడు
నా చొక్కా పట్టి వెనక్కి లాగిన చెయ్యి
ఎవరిదో పొగలో తెలీలేదు.
ఇళ్ళు మిగిలాయి, నా పాక తప్ప.

తెల్లారాక పాక బూడిద పక్కన కూచున్నాం.
తిబేరియు సిగరెట్ తీశాడు,
నన్ను చూసి మళ్ళీ పెట్టెలో దాచాడు.
ఇల్లు కాలినవాణ్ణి చుట్టకు నిప్పడగకూడదని
వాళ్ళ ఊళ్ళోనూ అంటారు కాబోలు.
నేనే ఓ కణిక ఏరి ఇచ్చాను.
ఆ నిప్పుకి అంతకన్నా మంచి పని
ఆ వారంలో దొరకలేదు.

వెళ్ళేరోజు కాఫీ దుకాణంలో
జంఫీరాకి కుర్చీ లాగాం.
కూచోలేదు. కెప్టెన్‌కి మందు వేళైందంది.
తిబేరియు ఇత్తడి ముక్క విప్పి ఇవ్వబోతే
లాంబ్రినోస్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు,
"ఉంచుకోమను. మాకింకోటి చేసుకుంటాం."

ఇది మార్చి. నల్లటి వాలు మీద
వేలెడెత్తు మొక్కలు, లెక్కపెట్టడం మానేశాను.
నిన్న జంఫీరా ఫోన్ చూసి చదివింది,
వాళ్ళవైపు నది చివర రెల్లు కాలుతోందట.
మాకు ఆరు బండ్లు లేవు.
ఒకటుంది, దాని బ్రేకులు అనుమానం.
లాంబ్రినోస్ లేతు మీద దుమ్ము దులిపాడు.
అక్కడి మర కొలత ఎంతో
అడగమన్నాడు.